పైలట్ శిక్షణకు ప్రభుత్వ రుణం: ఎంతవరకు అందుతుంది, ఎక్కడ ఆగుతుంది?

ఇంజినీరింగ్ సీటు వచ్చిన విద్యార్థికి విద్యా రుణం దొరకడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. కాలేజీ అడ్మిషన్ లెటర్, ఫీజుల పట్టిక, తల్లిదండ్రుల ఆదాయ పత్రం ఉంటే బ్యాంకు మేనేజరు ఫైలు కదుపుతారు. అదే విద్యార్థి కమర్షియల్ పైలట్ అవుతానంటే పరిస్థితి మారిపోతుంది. అడగాల్సిన మొత్తం పది లక్షలు కాదు, నలభై యాభై లక్షలు. చదివే చోటు విశ్వవిద్యాలయం కాదు, ఫ్లయింగ్ స్కూల్. చివర చేతికి వచ్చేది డిగ్రీ కాదు, లైసెన్సు. మన విద్యా రుణ పథకాలన్నీ డిగ్రీని, విశ్వవిద్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసుకున్నవి. పైలట్ శిక్షణ వాటిలో సగమే ఇముడుతుంది.

దేశంలో విమానాలు పెరుగుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. రాబోయే 15 నుంచి 20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని కేంద్ర పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పలు వేదికలపై చెప్పారు. 2023లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 1,622 కమర్షియల్ పైలట్ లైసెన్సులు జారీ చేసింది. అప్పటికి అదే రికార్డు. ఈ అంకెలు చూసి మధ్యతరగతి కుటుంబాలు ధైర్యం చేస్తున్నాయి. కానీ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు అంత సూటిగా లేదు.

ఖర్చు ఎందుకంత?

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, వాడుకలో సీపీఎల్‌కు, 200 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. అందులో 100 గంటలు తానే కమాండ్‌లో ఉండి నడపాలి. ఒక విమానాశ్రయం నుంచి మరోదానికి వెళ్లే క్రాస్‌కంట్రీ ప్రయాణాలు 20 గంటలు, పరికరాల ఆధారంగా నడిపినవి 10 గంటలు, రాత్రి పూట నడిపినవి 5 గంటలు ఉండాలి. ఇవి కాక ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, సాంకేతిక విషయాలపై రాత పరీక్షలు, రేడియో ఆపరేటర్ లైసెన్సు పరీక్ష ఉంటాయి.

ఖర్చులో సింహభాగం ఆ 200 గంటలదే. ఇంధనం, విమానం నిర్వహణ, ఇన్‌స్ట్రక్టర్ జీతం, బీమా, ల్యాండింగ్ చార్జీలు అన్నీ గంట ధరలో కలిసిపోతాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వం నడిపే ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలోనే కోర్సు ఫీజు కొన్నేళ్ల పాటు 45 లక్షల రూపాయలుగా ఉంది. ప్రైవేటు స్కూళ్లలో స్థలాన్ని బట్టి, విమానాన్ని బట్టి అంతకు కొంచెం అటూ ఇటూ. హాస్టలు, భోజనం, వైద్య పరీక్షలు, పరీక్ష ఫీజులు వేరు. ఒక్క ఊరట ఏమిటంటే, డీజీసీఏ ఆమోదించిన స్కూళ్లు నడిపే ఆమోదిత కోర్సులకు జీఎస్టీ మినహాయింపు ఉందని 2024 సెప్టెంబరులో జరిగిన 54వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం స్పష్టత ఇచ్చింది.

లైసెన్సుతో ఖర్చు ముగియదు. ఎయిర్‌బస్ 320 లేదా బోయింగ్ 737 లాంటి పెద్ద విమానం నడపాలంటే ఆ రకానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ పొందాలి. సిమ్యులేటర్‌పై జరిగే ఈ శిక్షణకు ఇంకో 15 నుంచి 25 లక్షలు అవుతుంది. కొన్ని విమానయాన సంస్థల క్యాడెట్ కార్యక్రమాల్లో మొదటి నుంచి చివరిదాకా కలిపి ఖర్చు కోటి రూపాయలకు చేరువవుతుంది, కొన్నిసార్లు దాటుతుంది.

ప్రత్యేక పథకం లేదు

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. పైలట్ శిక్షణ కోసమే కేంద్ర ప్రభుత్వం నేరుగా ఇచ్చే రుణ పథకం ఏదీ లేదు. ‘ప్రభుత్వ రుణం’ అని జనం అనుకునేది నిజానికి ప్రభుత్వ రంగ బ్యాంకులు తమ సొంత నిధుల నుంచి ఇచ్చే విద్యా రుణం. ప్రభుత్వం చేసేది మూడు పనులు. కొంత మేరకు బ్యాంకుకు హామీ ఇస్తుంది. కొందరికి వడ్డీ భరిస్తుంది. పన్నులో రాయితీ ఇస్తుంది. ఈ మూడింటికీ పరిమితులున్నాయి. పైలట్ శిక్షణ ఖర్చు వాటన్నిటినీ దాటి పోతుంది.

హామీ సంగతి చూద్దాం. విద్యా రుణాల పరపతి హామీ నిధి పథకం 2015లో మొదలైంది. ఏడున్నర లక్షల వరకు రుణానికి తాకట్టు, మూడో వ్యక్తి పూచీ అడగకుండా బ్యాంకు ఇవ్వవచ్చు. రుణం మొండి బకాయి అయితే అందులో 75 శాతానికి నిధి పూచీ పడుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థికి ఇది దాదాపు పూర్తి ఫీజు. పైలట్ విద్యార్థికి ఆరో వంతు.

వడ్డీ సాయం కూడా అంతే. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎనిమిది లక్షల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాల విద్యార్థులకు పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ ఆ పథకం ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల జాబితాకే పరిమితం. ఆ జాబితాకు ఆధారం ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు. ప్రైవేటు ఫ్లయింగ్ స్కూళ్లు ఆ ర్యాంకుల పోటీలోనే ఉండవు. నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి చదువు కాలంలో వడ్డీని ప్రభుత్వమే భరించే పాత పథకానికీ సంస్థ గుర్తింపు నిబంధనలున్నాయి. న్యాక్, ఎన్‌బీఏ గుర్తింపు చుట్టూ అల్లిన నిబంధనల్లోకి డీజీసీఏ ఆమోదం ఒక్కటే ఉన్న స్కూలు రాదు.

ఇక పన్ను రాయితీ. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, ఇంటర్ తర్వాత చేసే గుర్తింపు పొందిన కోర్సుకు తీసుకున్న రుణంపై చెల్లించే వడ్డీని ఎనిమిదేళ్ల పాటు ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. దీనికి గరిష్ఠ పరిమితి లేదు. కాబట్టి పెద్ద రుణం తీసుకునే పైలట్ కుటుంబానికి మూడింటిలోకీ నిజంగా పనికొచ్చేది ఇదే. కాకపోతే పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే ఇది వర్తిస్తుంది. రుణం బ్యాంకు నుంచో, ప్రభుత్వం నోటిఫై చేసిన ఆర్థిక సంస్థ నుంచో తీసుకుని ఉండాలి. బంధువుల దగ్గర చేసిన అప్పుకు వర్తించదు.

నమూనా పథకంలో పైలట్ చోటు

బ్యాంకుల విద్యా రుణాలకు మూలం భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం. 2001లో వచ్చిన ఈ పథకాన్ని తర్వాత పలుమార్లు సవరించారు. ఇందులో అర్హమైన కోర్సుల జాబితాలో ఏరోనాటికల్, షిప్పింగ్‌తో పాటు పైలట్ శిక్షణ పేరు స్పష్టంగా ఉంది. షరతు ఒక్కటే, కోర్సుకు డీజీసీఏ ఆమోదం ఉండాలి. కనుక ‘పైలట్ కోర్సుకు విద్యా రుణం ఇవ్వం’ అని ఏ బ్రాంచిలోనైనా చెబితే, నమూనా పథకంలో ఆ కోర్సు ఉన్న విషయం గుర్తుచేయవచ్చు. అయితే నమూనా పథకం మార్గదర్శకమే. ఎంత ఇవ్వాలి, ఏ హామీ అడగాలి అన్నది ఆయా బ్యాంకుల బోర్డులు నిర్ణయించుకుంటాయి.

2015 నాటి నమూనాలో దేశంలో చదువుకు పది లక్షలు, విదేశాల్లో చదువుకు ఇరవై లక్షలు పరిమితిగా చూపారు. అంతకు మించి ఇచ్చే స్వేచ్ఛ బ్యాంకులకు ఉంది. పెద్ద ప్రభుత్వ రంగ బ్యాంకులు తగిన తాకట్టు ఉంటే అంతకు చాలా ఎక్కువే ఇస్తున్నాయి. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ నుంచి ప్రాధాన్య రంగం కింద లెక్కించే విద్యా రుణాల పరిమితిని 20 లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది. దాని పైమొత్తం ఇస్తే బ్యాంకుకు ప్రాధాన్య రంగ లక్ష్యాల్లో కలిసొచ్చేది ఏమీ లేదు. అక్కడి నుంచి అది పూర్తిగా వ్యాపార నిర్ణయం.

నమూనా పథకంలో పైలట్ విద్యార్థి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన అంశాలు కొన్ని ఉన్నాయి. నాలుగు లక్షలు దాటితే దేశంలో చదువుకు 5 శాతం, విదేశాల్లో చదువుకు 15 శాతం విద్యార్థి కుటుంబం సొంతంగా పెట్టుకోవాలి. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా గడువు. అనుకున్న కాలానికి కోర్సు పూర్తికాకపోతే రెండేళ్ల వరకు పొడిగింపు ఇవ్వవచ్చు. ఉద్యోగం లేని కాలంలో మరికొంత విరామం ఇచ్చే వెసులుబాటూ ఉంది. చదువు కాలంలోనే వడ్డీ కట్టుకుంటూ పోతే ఒక శాతం వడ్డీ తగ్గించవచ్చు. అమ్మాయిలకు చాలా ప్రభుత్వ రంగ బ్యాంకులు అర శాతం తగ్గిస్తాయి. ఈ వెసులుబాట్లేవీ అడగకుండా వాటంతటవే వర్తించవు. రుణ మంజూరు పత్రంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

టైప్ రేటింగ్ విషయం వేరు. దాన్ని కోర్సులో భాగంగా అన్ని బ్యాంకులూ ఒకేలా చూడవు. సీపీఎల్‌కు రుణం ఇచ్చిన బ్యాంకు టైప్ రేటింగ్‌కు అదనంగా ఇస్తుందా అన్నది మొదటి సంతకానికి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

పొలం ఉన్నా పనికిరాని తాకట్టు

ఏడున్నర లక్షలు దాటిన రుణానికి బ్యాంకు స్థిరాస్తి తాకట్టు అడుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలు ఇక్కడే ఆగిపోతున్నాయి. ఐదెకరాల మాగాణి ఉంది, మార్కెట్ ధర చూస్తే కోటి పలుకుతుంది, కానీ బ్యాంకు ఒప్పుకోదు. కారణం 2002 నాటి సర్ఫేసీ చట్టం. అప్పు తీర్చకపోతే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం ఆ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. వ్యవసాయ భూమికి మాత్రం మినహాయింపు ఉంది. రైతును కాపాడటానికి పెట్టిన ఆ మినహాయింపే, రైతు బిడ్డ చదువుకు వచ్చేసరికి అడ్డుగోడ అవుతోంది. బ్యాంకులు ఇల్లు, వ్యవసాయేతర స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్, ప్రభుత్వ బాండ్లు, బీమా పాలసీల సరెండర్ విలువ వంటివే కోరుకుంటాయి.

ఇంటిని తాకట్టు పెట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది మరొకటుంది. తల్లి లేదా తండ్రి ఈ రుణంలో కేవలం పూచీదారు కాదు, సహ రుణగ్రహీత. కొడుకు కిస్తీ కట్టకపోతే అప్పు తండ్రిదే. ఇద్దరి సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది.

కార్పొరేషన్లు, రాష్ట్రాల సాయం

షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, మైనారిటీల కోసం కేంద్రం ఏర్పాటు చేసిన జాతీయ ఆర్థిక అభివృద్ధి కార్పొరేషన్లు రాష్ట్ర స్థాయి సంస్థల ద్వారా తక్కువ వడ్డీకి విద్యా రుణాలిస్తాయి. ఎస్సీ, బీసీ కార్పొరేషన్ల రుణాలకు కుటుంబ వార్షికాదాయం మూడు లక్షలు దాటకూడదు. బ్యాంకు వడ్డీతో పోలిస్తే ఇది పెద్ద ఊరట. కానీ ఏటా రాష్ట్రానికి వచ్చే నిధులు, దరఖాస్తుల కాలం చూసుకోవాలి.

ఎస్సీ విద్యార్థుల టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ పథకంలో కమర్షియల్ పైలట్ శిక్షణకు ఒక ప్రత్యేక వరుస ఉండేది. ఇతర ప్రైవేటు సంస్థల్లో ఫీజుకు ఏడాదికి రెండు లక్షలు పరిమితి అయితే, ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులకు 3.72 లక్షలు. అది రుణం కాదు, స్కాలర్‌షిప్. పైలట్ శిక్షణ ఖరీదైనదని ప్రభుత్వం గుర్తించిందనడానికి అది సాక్ష్యం. నిజమైన ఖర్చుకూ ఆ గుర్తింపుకూ ఎంత దూరమో కూడా అదే చెబుతుంది.

రాష్ట్రాల్లో గుజరాత్‌ది చెప్పుకోదగ్గ ఉదాహరణ. అక్కడి సామాజిక న్యాయ శాఖ కమర్షియల్ పైలట్ శిక్షణ పేరుతోనే వెనుకబడిన వర్గాలు, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు 25 లక్షల రూపాయల రుణం 4 శాతం వడ్డీకి ఇచ్చే పథకం నడిపింది. శిక్షణ ఖర్చును నేరుగా లక్ష్యంగా పెట్టుకున్న ప్రభుత్వ రుణం అంటే ఇదీ. హైదరాబాద్ బేగంపేటలో ఎన్నో ఏళ్లుగా పైలట్లను తయారుచేస్తున్న అకాడమీలున్నాయి. 2022లో భారత విమానాశ్రయాల సంస్థ కొత్త ఫ్లయింగ్ స్కూళ్ల కోసం ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాల్లో కడప ఒకటి. శిక్షణ మన దగ్గరికి వస్తున్నప్పుడు, అందులో చేరే స్తోమత ఎవరికుందన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది.

కిస్తీ లెక్క

ఒక ఉదాహరణ వేసుకుందాం. నలభై లక్షల రుణం, పది శాతం వడ్డీ, పదిహేనేళ్ల గడువు. శిక్షణ రెండేళ్లు, ఆపైన విరామం ఒక ఏడాది. మొత్తం రుణం మొదట్లోనే తీసుకుని, ఆ మూడేళ్లూ వడ్డీ కట్టకుండా వదిలేస్తే, సాధారణ వడ్డీ కిందే 12 లక్షలు పోగై అప్పు 52 లక్షలవుతుంది. అప్పుడు నెల కిస్తీ దాదాపు 55,900. పదిహేనేళ్లలో కట్టేది కోటి రూపాయల పైమాటే.

అదే కుటుంబం మూడేళ్లూ నెలకు 33 వేల చొప్పున వడ్డీ కట్టుకుంటూ వస్తే, కిస్తీ 43 వేల దగ్గర ఆగుతుంది. అన్నీ కలిపి చెల్లించేది 89 లక్షల చిల్లర. తేడా దాదాపు 11 లక్షలు. ఫీజును ఒకేసారి కాక దశలవారీగా విడుదల చేయించుకుంటే భారం ఇంకా తగ్గుతుంది. టైప్ రేటింగ్‌కు మరో ఇరవై లక్షలు అదే వడ్డీకి తీసుకుంటే నెలకు ఇంకో 21,500 కలుస్తుంది.

విమానయాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా కుదురుకున్నవారికి ఇది మోయలేని బరువు కాదు. చిక్కంతా కుదురుకునే దాకానే.

లైసెన్సుకూ జీతానికీ మధ్య

విద్యా రుణం లెక్కలు కాలెండర్ మీద నడుస్తాయి. పైలట్ శిక్షణ వాతావరణం మీద నడుస్తుంది. వర్షాకాలం, చలికాలపు పొగమంచు, మరమ్మతులో ఉన్న విమానాలు, ఇన్‌స్ట్రక్టర్ల కొరత, రాత పరీక్షలో తప్పిన ఒక పేపరు, వీటిలో ఏది ఎదురైనా పద్దెనిమిది నెలల కోర్సు మూడేళ్లకు సాగుతుంది. శిక్షణ ఆగినా వడ్డీ ఆగదు.

లైసెన్సు వచ్చాక కూడా ఉద్యోగం వెంటనే రావాలని లేదు. విమానయానం ఎగుడుదిగుళ్ల రంగం. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ సర్వీసులు ఆపేశాయి. అలాంటి ప్రతిసారీ వేల గంటల అనుభవం ఉన్న పైలట్లు ఉద్యోగాల వేటలో పడతారు. 200 గంటల లైసెన్సు పట్టుకున్న కొత్తవారు వరుసలో వెనక్కి పోతారు. ‘30 వేల పైలట్లు కావాలి’ అన్న మాట ఇరవై ఏళ్ల సగటు గురించి. కిస్తీ మాత్రం ఫలానా నెల నుంచి మొదలవుతుంది.

మూడోది ఆరోగ్యం. క్లాస్ 1 మెడికల్ లేకుండా కమర్షియల్ లైసెన్సు లేదు. నలభై ఏళ్ల లోపు వారికి అది ఏటా పునరుద్ధరించుకోవాల్సిందే. డబ్బు కట్టాక వైద్య పరీక్షలో అనర్హత తేలితే ఫీజు పోతుంది, అప్పు మిగులుతుంది. కాబట్టి క్లాస్ 2, క్లాస్ 1 మెడికల్ రెండూ పూర్తయ్యాకే రుణ పత్రాలపై సంతకం పెట్టడం వివేకం.

స్కూలు ఎంపిక కూడా అప్పు నిర్ణయమే

శిక్షణ ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది కాబట్టి, స్కూలు సామర్థ్యం నేరుగా అప్పు మీద ప్రభావం చూపుతుంది. డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ఏడాదికి రెండుసార్లు ర్యాంకులు ఇవ్వడం ప్రారంభించింది. తొలి జాబితాలో అత్యున్నతమైన ఏ++, ఏ+ శ్రేణుల్లో ఒక్క స్కూలూ లేదు. 13 స్కూళ్లకు ఏ, 22 స్కూళ్లకు బి దక్కాయి. స్కూలు ప్రకటనల కన్నా ఈ జాబితా నమ్మదగినది. దానితో పాటు ఎగరగల స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, విద్యార్థికి నెలకు సగటున ఎన్ని గంటలు దొరుకుతున్నాయి, గత బ్యాచ్‌లో ఎందరు ఎన్ని నెలల్లో పూర్తిచేశారు అన్నవి అడగాలి. ఫీజు మొత్తం ముందే కట్టమనే చోట జాగ్రత్త పడాలి. పూర్తయిన గంటలను బట్టి బ్యాంకే నేరుగా స్కూలుకు విడతలుగా చెల్లించే ఏర్పాటు విద్యార్థికీ రక్షణే.

అమెరికా, దక్షిణాఫ్రికా వంటి చోట్ల శిక్షణ పొందేవారు అక్కడి లైసెన్సును భారతీయ లైసెన్సుగా మార్చుకోవాలి. అందుకు ఇక్కడి పరీక్షలు, ఇక్కడి తనిఖీ ఫ్లయింగ్ తప్పవు. ఆ ఖర్చు, ఆ నెలలు రుణ ప్రణాళికలో చేరాలి. విద్యా రుణం నుంచి పంపే విదేశీ చెల్లింపులపై మూలంలో పన్ను వసూలును 2025 ఏప్రిల్ నుంచి ఎత్తేశారు.

ఇతర దేశాల్లో ఎలా?

ఆస్ట్రేలియాలో వృత్తి విద్యకు ప్రభుత్వమే ఇచ్చే రుణాల్లో పైలట్ డిప్లొమా కోర్సులు ఉన్నాయి. విశ్వవిద్యాలయాల విమానయాన కోర్సులకు 2020 నుంచి వైద్య విద్యతో సమానంగా అధిక రుణ పరిమితి వర్తిస్తోంది. తిరిగి చెల్లింపు ఆదాయాన్ని బట్టి ఉంటుంది. నిర్ణీత ఆదాయం దాటేదాకా కట్టనక్కర్లేదు. అమెరికాలో గుర్తింపు పొందిన కళాశాలలో డిగ్రీలో భాగంగా ఫ్లయింగ్ నేర్చుకునేవారికి ఫెడరల్ రుణం అందుతుంది. విడిగా నడిచే ఫ్లయింగ్ స్కూలుకు అందదు. మన పరిస్థితి అమెరికాకు దగ్గరగా ఉంది. సంస్థ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఉందా లేదా అన్నదే సాయాన్ని నిర్ణయిస్తోంది.

ఆస్ట్రేలియా పద్ధతిలో ఉద్యోగం రాని ప్రమాదాన్ని ప్రభుత్వం కొంత పంచుకుంటుంది. మన దగ్గర ఆ ప్రమాదం మొత్తం తాకట్టు పెట్టిన ఇంటి మీదే ఉంది. అందుకే ఇక్కడ పైలట్ కావడానికి ప్రతిభ కన్నా ముందు పట్టణంలో సొంత ఇల్లు అవసరమవుతోంది. ఏడున్నర లక్షల హామీ పరిమితిని డీజీసీఏ ఆమోదించిన కోర్సులకైనా పెంచడం, ర్యాంకు పొందిన ఫ్లయింగ్ స్కూళ్లను వడ్డీ రాయితీ పథకాల్లోకి తేవడం, ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు. అప్పటిదాకా కుటుంబం చేతిలో ఉన్నవి ఇవే: మెడికల్ ముందు, సంతకం తర్వాత, టైప్ రేటింగ్‌ను మొదటి రోజే లెక్కలో కలపడం, వీలైనంత వరకు వడ్డీని ఎప్పటికప్పుడు కట్టడం, లైసెన్సు వచ్చిన రోజు నుంచి కనీసం రెండేళ్లు జీతం లేకపోయినా కిస్తీ ఎలా కడతామన్న ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోవడం. ఆ జవాబు దొరకకపోతే రుణం మంజూరైనా ఆగి ఆలోచించాల్సిందే.